చర్మపు మడతలలో పులిపిరులు

ఉక్కు కర్మాగారములో పనిచేయువారికి కలుగు ఆపదలనగానే కాలిన గాయములు, విరిగిన ఎముకలు, కంటిలో పడిన నిప్పురవ్వలు జ్ఞప్తికి వచ్చును. ఇవి అందరికిని కనబడునవి. వీటికి వెంటనే చికిత్స జరుగును. కాని బట్టల చాటున, నోరు విప్పి చెప్పుకొనలేని చోట, నెలల తరబడి బాధించు రోగములు కొన్ని కలవు. చంకలలో, గజ్జలలో, తొడల నడుమ, పిరుదుల సందున, స్త్రీలకు రొమ్ముల క్రింద, స్థూలకాయులకు పొట్ట మడత క్రింద చర్మము ఒరసికొని, ఎఱ్ఱబారి, చెమ్మగిల్లి ఉండుట అట్టివాటిలో ఒకటి. ఆ వాపు మానక నిలిచిపోయిన చోట కొందరికి పులిపిరులు మొలచును. మొదటిదానిని చిన్న బాధయని ఉపేక్షించుట వలన రెండవదానికి దారి సుగమమగుచున్నది.

ఈ రెండును ప్రాణము తీయు రోగములు కావు. అయినను వీటి వలన నిద్ర చెడును, పని చెడును, భార్యాభర్తల నడుమ లేనిపోని అనుమానములు పుట్టును. అరుదుగా కొందరిలో ఇంతకంటె పెద్ద రోగమొకటి వీటి చాటున దాగియుండుటయు కలదు. కావున వీటిని గూర్చి నాలుగు మాటలు తెలిసికొనుట అందరికిని అవసరము.

భిలాయి - వేడిమి, చెమట

1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వముల మధ్య కుదిరిన ఒడంబడిక ననుసరించి దుర్గ్ జిల్లాలోని భిలాయిలో ఉక్కు కర్మాగారము నిర్మింపబడినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ అందలి మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. నాడు మధ్యప్రదేశములో ఉండిన ఈ ప్రాంతము 2000 నవంబరు 1వ తేదీ నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో చేరినది. దేశపు రైలుమార్గములకు పట్టాలు పోసియిచ్చు ఈ నగరమునకు పని వెదకికొనుచు దేశము నలుమూలల నుండియు జనులు వచ్చిరి. శ్రీకాకుళము మొదలైన ఉత్తరాంధ్ర జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు ఇచ్చట అనేకము. ఇంట తెలుగు, బయట హిందీ మాటలాడుచు వీరిలో రెండు మూడు తరములవారు పెరిగిరి.

ఫర్నేసు నుండి వెలువడు కరగిన ఇనుము వేడిమి సుమారు 1400 నుండి 1500 డిగ్రీల వరకు ఉండును. దానికి దాపున నిలిచి పనిచేయువారు దేహరక్షణకై మందపు కోటు, తలకు శిరస్త్రాణము, కాళ్ళకు బరువైన తోలు బూట్లు ధరింపవలసియున్నది. ఇవి నిప్పు నుండి రక్షించును. కాని లోపల పుట్టిన చెమటను ఆరనీయవు. ఎండవేళ కష్టమైన పని చేయువానికి గంటకు లీటరు వరకు చెమట పోవచ్చును. ఛత్తీస్‌గఢ్ మైదానములో మే మాసపు ఎండ 42 డిగ్రీలు దాటుట సామాన్యము. జూన్ నడుమ వానలు పట్టిన తరువాత వేడిమి కొంత తగ్గినను గాలిలో తేమ హెచ్చును. ఉతికిన బట్టలు ఆరవు. కొలిమి దగ్గర లేని వారికిని, వంటింటిలో పొయ్యి ముందు నిలుచు గృహిణికిని, రోజంతయు కుర్చీలో కూర్చుండు గుమాస్తాకును, రిక్షా త్రొక్కువానికిని ఈ ఋతువులో మడతల బాధ వచ్చుట చూచుచునే యున్నాము.

మడతలో జరుగునదేమి

చర్మపు పైపొర చచ్చిన కణములు పెంకులవలె ఒకదానిపై నొకటి పేర్చబడి ఏర్పడినది. అది పొడిగా ఉన్నంతకాలము గట్టి గోడవలె దేహమును కాపాడును. రెండు చర్మములు ఎదురెదురుగా ఆనుకొనిన చోట చెమట ఆరదు. నీటిలో చాలసేపు నానిన వ్రేళ్ళ కొనలు తెల్లబడి ముడుతలు పడుట అందరు చూచినదే. మడతలోని చర్మము ప్రతిదినము అట్లే నానును. నానిన పొర మెత్తబడి, నడచునపుడు కలుగు ఒరపిడికి తట్టుకొనలేక చిట్లును. అచ్చట ఎఱ్ఱదనము, మంట, దురద, కొన్నిచోట్ల సన్నని పగుళ్ళు, రసి, దుర్వాసన కలుగును.

చిట్లిన చర్మముపై సూక్ష్మజీవులు స్థావర మేర్పరచుకొనును. కాండిడా అను శిలీంధ్రము చేరినచో ఎఱ్ఱని మచ్చ చుట్టును చిన్న చిన్న పొక్కులు కనబడును. తామరను కలిగించు శిలీంధ్రము చేరినచో అంచు ఉబ్బిన వలయములుగా వ్యాపించును. ఒకజాతి బాక్టీరియా చేరినచో గోధుమవన్నె మచ్చలు పడును. అతినీలలోహిత కిరణముల దీపము క్రింద ఇవి పగడపు వన్నెతో మెరయుటచే వైద్యుడు గుర్తింపగలడు. ఇవి ఏవియు కాక సోరియాసిస్ అను చర్మరోగము మడతలలో మాత్రమే పుట్టుటయు కలదు. ఇన్ని కారణములున్నందున ‘మడతలో ఎఱ్ఱగా ఉన్నది’ అన్నంతమాత్రమున అందరికి ఒకే మందు పనిచేయదు.

పులిపిరి అనగానేమి

పులిపిరి చెడు రక్తము వలన గాని, పూర్వజన్మ పాపము వలన గాని, కప్పను ముట్టుట వలన గాని వచ్చునది కాదు. అది ఒక వైరస్ వలన పుట్టునది. 1907వ సంవత్సరములో ఇటలీ దేశపు వైద్యుడు చుఫో, పులిపిరిని నూరి, బాక్టీరియాను సైతము ఆపగల సన్నని వడపోతలో వడకట్టి, ఆ ద్రవముతో మనుష్యుని చర్మముపై మరల పులిపిరి మొలచునని నిరూపించెను. 1949లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఆ వైరస్ కణములు కంటికి కనబడినవి. ఒక్కొక్క కణము వెడల్పు మిల్లీమీటరులో సుమారు 18,000వ వంతు. దీనికి మానవ పాపిల్లోమా వైరస్ అని పేరు, సంక్షేపముగా హెచ్.పి.వి. అందురు.

ఈ వైరస్‌లో ఇప్పటికి 200కు పైగా రకములు గుర్తింపబడినవి. చేతుల మీద, అరికాళ్ళలో వచ్చు గరుకైన పులిపిరులకు 1, 2, 4, 27, 57 మున్నగు రకములు కారణము. గజ్జలు, మర్మావయవములు, మలద్వారము చుట్టును వచ్చు మెత్తని పులిపిరులకు ముఖ్యముగా 6, 11 రకములు కారణము. చేతి మీది పులిపిరిని గీరుకొని ఆ చేతితోనే మడతలో గోకికొనినచో మొదటి తెగకు చెందిన వైరస్ సయితము మడతకు చేరవచ్చును.

ఈ వైరస్‌కు క్రొవ్వుతో కూడిన పైతొడుగు లేదు. అందుచే అది ఎండిపోయినను త్వరగా నశింపదు. కొన్ని క్రిమిసంహారక ద్రవములకు సైతము లొంగదు. తడి నేల, ఇతరుల తువాలు, మంగలి కత్తి వీని ద్వారా సామాన్యపు పులిపిరులు అంటుకొనుటకు ఇదియే కారణము.

వాచిన చర్మము వైరస్‌కు తెరచిన తలుపు

గట్టిగా, పొడిగా ఉన్న చర్మమును ఈ వైరస్ చొరజాలదు. దానికి కావలసినది పైపొర కాదు. అన్నిటికంటె అడుగున ఉండి నిరంతరము క్రొత్త కణములను పుట్టించు వరుస. ఆ వరుసను చేరుటకు కంటికి కనబడనంత సన్నని పగులు చాలును. నాని, ఒరసికొని, గోకబడిన మడతలో అట్టి పగుళ్ళు కొల్లలు. ఇది మొదటి కారణము.

గాయపడిన చర్మము మానుకొనుటకై అడుగు కణములు వడివడిగా విభజన చెందును. లోనికి చొచ్చిన వైరస్ ఆ విభజనతో పాటు తానును పెరుగును. ఇది రెండవ కారణము. దురదకు గోకుచున్నపుడు గోరు ఒక పులిపిరి మీద నుండి ప్రక్కనున్న పచ్చి చర్మము మీదికి వైరస్‌ను ఈడ్చుకొని పోవును. అందుచేతనే గోకిన గీత వెంబడి పులిపిరులు పూసలు గ్రుచ్చినట్లు వరుసగా మొలచుట కలదు. మడతకు ఈవలి వైపున ఉన్న పులిపిరి ఆవలి వైపు చర్మమును అంటుటచే అద్దములో ప్రతిబింబమువలె అచ్చటను మరియొకటి మొలచును. ఇది మూడవది.

నాలుగవ కారణము దేహపు కావలికి సంబంధించినది. ఈ వైరస్ తాను చొచ్చిన కణమును పగులగొట్టి బయటికి రాదు. కణము క్రమముగా పైకి జరిగి పొట్టుగా రాలునపుడు దానితో పాటు తానును వెలువడును. రక్తములోనికి పోదు. అందుచే దేహరక్షణ శక్తి దానిని త్వరగా పసిగట్టజాలదు. దీనికితోడు ఆ చోట స్టిరాయిడ్ కలసిన లేపనమును నెలల తరబడి పూసినచో ఉన్న కావలి సయితము నిద్రపోవును. వైరస్ సోకిన తరువాత కొన్ని వారములకు గాని, కొన్ని నెలలకు గాని పులిపిరి కనబడదు. కావున ఎప్పుడు, ఎక్కడ అంటినదో నిశ్చయించి చెప్పుట తరచుగా అసాధ్యము.

రోగము ముదురు తీరు

ఈ రోగము ముదురు క్రమము ఇంచుమించుగా ఒకే తీరున ఉండును. వానలు పట్టిన క్రొత్తలో ఒక కార్మికునికి గజ్జలలో దురద ప్రారంభమగును. అతడు వైద్యుని వద్దకు పోక మందుల దుకాణములో అడిగి ఒక గొట్టము కొనును. అందులో స్టిరాయిడ్, శిలీంధ్రనాశని, బాక్టీరియానాశని మూడును కలసియుండును. రెండు దినములలో దురద తగ్గును. మందు మంచిదని నమ్మకము కుదురును. మానిన వారమునకు దురద మరల వచ్చును, మునుపటికంటె విస్తరించును. మరియొక గొట్టము. ఇట్లు శీతకాలము వచ్చుసరికి చర్మము పలుచబడి, నెత్తుటి నాళములు పైకి కనబడుచు, తెల్లని చారలు పడియుండును. అప్పుడు మడత లోపల ఆవగింజంత బొడిపెలు రెండు మూడు చేతికి తగులును. వెంట్రుకల వలన వచ్చినవని తలచి అతడు బ్లేడుతో గొరుగును. నెల తిరుగకముందే అవి ఇరువదియగును.

ఇప్పుడతనికి భయము పట్టుకొనును. భార్యకు చెప్పడు, ఆమె చూచినచో ఏమనుకొనునో అని దూరముగా పండుకొనును. వైద్యునితో హిందీలో ఆ అవయవముల పేర్లు పలుకుటకు నోరు రాక ఆసుపత్రి గుమ్మము వరకు పోయి మరలి వచ్చును. మొదటి వారములో తగిన చికిత్సతో పోవలసిన బాధ ఇట్లు సంవత్సరమునకు ప్రాకును.

స్టిరాయిడ్ లేపనముల దుర్వినియోగము దేశమంతటను ఉన్నదే. అందుచేతనే 2018లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 14 రకముల స్టిరాయిడ్ లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని మందుల పట్టికలో చేర్చినది. గత పది సంవత్సరములుగా మన దేశములో సామాన్య ఔషధములకు లొంగని మొండి తామర విస్తరించినది. దానికి కారణమైన శిలీంధ్రమునకు 2020లో భారతదేశపు పేరు కలియునట్లు ట్రైకోఫైటన్ ఇండోటినియే అని నామకరణము జరిగినది. దుకాణములో అడిగి కొనిన గొట్టము నేడు ఎంత నమ్మరానిదో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

గుర్తుపట్టు విధము

చేతి మీది పులిపిరి పొడిగా, గరుకుగా, బూడిద వన్నెతో ఉండును. మడతలోని పులిపిరి అట్లుండదు. తేమకు నాని అది మెత్తగా, తెల్లగా లేక గులాబి వన్నెగా ఉండును. మొదట గింజంతయై, తరువాత ఒకదానితో నొకటి కలసి కాలీఫ్లవరువలె గుత్తులు కట్టును. ఒరపిడికి చిట్లి నెత్తురు వచ్చును. రసి పట్టి వాసన వేయును. చుట్టును ఉన్న ఎఱ్ఱదనములో కలసిపోవుటచే అనేకులు దానిని పుండనియే తలతురు.

పులిపిరివలె కనబడునవి అన్నియు పులిపిరులు కావు. మెడ మీద, చంకలలో సన్నని కాడతో వ్రేలాడు మెత్తని తిత్తులు హాని లేనివి. కాని అవి అనేకముగా ఉన్నవారు రక్తములో చక్కెర పరీక్ష చేయించుకొనుట మేలు. నడుమ గుంటపడి ముత్యమువలె మెరయు బొడిపెలు వేరొక వైరస్ వలన వచ్చునవి. పురుషాంగపు శిరస్సు చుట్టును వరుసగా ఉండు చిన్న చిన్న గింజలు కొందరికి సహజముగానే ఉండును. అవి రోగమే కాదు. వీటికి భిన్నముగా, చదునుగా, తడిగా, వెడల్పుగా ఉండు బొడిపెలు సిఫిలిస్ అను సుఖవ్యాధి రెండవ దశలో మడతలలో కనబడును. వీటిని పులిపిరులని కాల్చి ఊరకున్నచో లోపలి రోగము అట్లే ముదురును. రక్తపరీక్షతో తేలిపోవు విషయమిది. కనుక వైద్యుడు ఆ పరీక్ష వ్రాసినచో అవమానముగా భావింపరాదు.

పులిపిరి మీద వెనిగర్ ద్రవమును అద్దినచో తెల్లబడునని, అదే గుర్తు అని కొందరందురు. వాచిన చర్మము కూడ ఆ ద్రవమునకు తెల్లబడును. కావున మడతలలో ఈ పరీక్ష మోసపుచ్చును.

అనుమానము తగదు

గజ్జలలో, మర్మస్థానములలో వచ్చు పులిపిరులు ఎక్కువగా దాంపత్య సంపర్కము వలన ఒకరినుండి ఒకరికి వచ్చుట నిజమే. కాని వైరస్ నెలల కొలది, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల కొలది కనబడకుండ చర్మములో ఉండగలదు. వివాహమునకు పూర్వము ఎప్పుడో సోకినది వాపు వలన నేడు బయలుపడవచ్చును. కావున పులిపిరిని చూపి భార్య భర్తను గాని, భర్త భార్యను గాని నిందించుట న్యాయము కాదు. భార్యాభర్తలిరువురును కలసి వైద్యుని దర్శించుట ఉత్తమము. చికిత్స పూర్తియగువరకు తొడుగు వాడినచో వైరస్ సోకుట తగ్గును. అయినను తొడుగు కప్పని చర్మము ఉండుటచే పూర్తి రక్షణ లేదు.

పిల్లలకు ఈ చోట్ల పులిపిరులు వచ్చినపుడు తల్లిదండ్రులు కంగారుపడక, దాచిపెట్టక, పిల్లల వైద్యునికి చూపవలెను. తల్లినుండి పుట్టుక వేళ గాని, ఎత్తి స్నానము చేయించువారి చేతి పులిపిరి నుండి గాని అంటియుండవచ్చును. ఎవరైనను బిడ్డకు అపచారము చేసిరా యను విషయమును సయితము వైద్యుడు నెమ్మదిగా విచారించును. అది బిడ్డ మేలు కొరకే.

చేయరాని పనులు

పులిపిరిపై సున్నము, చాకలి సోడా కలిపి పెట్టుట, జీడిగింజ రసమును అద్దుట, జిల్లేడు పాలు పూయుట, వెంట్రుకతో బిగించి కట్టుట మన పల్లెలలో తరతరములుగా ఉన్న అలవాట్లు. చేతి మీది గట్టి చర్మము వీటిని ఎట్లో ఓర్చుకొనవచ్చును. నానిన మడత చర్మముపై ఇవి ఘోరమైన పుండ్లు చేయును. జీడి రసము పడిన చోట పొక్కి, ఆ వాపు చుట్టును ప్రాకును. దుకాణములలో దొరకు సాలిసిలిక్ ఆమ్లపు మందు చేతి, కాలి పులిపిరులకు మంచిదే. కాని మడతలలో, మర్మస్థానములలో దానిని వాడరాదు.

క్రిమిసంహారక ద్రవమును నీరు కలపకుండ పూయుట, ఉప్పునీటితో రుద్దుట, వేడినీళ్ళతో కాపుట దురదకు క్షణకాలము హాయినిచ్చి చర్మమును మరింత చెరచును. పులిపిరులున్న చోట గొరుగరాదు. గోరుతో గిల్లి తీయరాదు. 

చికిత్స - ముందేది, వెనుకేది

ఇల్లు కాలుచుండగా ముందు మంటను ఆర్పి, తరువాత గోడలు చూచుకొందురు. ఇక్కడను క్రమము అదియే. ముందు మడతలోని వాపును తగ్గించి, తరువాత పులిపిరిని తీయవలెను. వాచియున్న చర్మముపై పులిపిరిని కాల్చినచో మంట హెచ్చును, పుండు మానదు, ఆ పచ్చి గాయములోనే క్రొత్త పులిపిరులు నాటుకొనును.

మొదటి దశలో వైద్యుడు చర్మపు పొట్టును గీరి సూక్ష్మదర్శినిలో చూచి శిలీంధ్రమున్నదీ లేనిదీ తెలిసికొనును. ఉన్నచో తగిన లేపనమును, అవసరమైనచో మాత్రలను ఇచ్చును. దురద తగ్గినదని నడుమ మానక చెప్పినన్ని వారములు వాడవలెను. రక్తములో చక్కెర పరీక్ష ఈ దశలోనే జరుగవలెను. మధుమేహము ఉన్నదని మొట్టమొదట మడతల పుండ్ల వలననే తెలిసినవారు కలరు. స్టిరాయిడ్ లేపనమును చాలకాలము వాడినవారు ఆ సంగతిని దాచక, వీలైనచో ఆ గొట్టమునే తీసికొని పోయి చూపవలెను.

వాపు తగ్గిన తరువాత మరల పరీక్షించినపుడు కొన్ని బొడిపెలు వాపుతోపాటే అణగియుండును. మిగిలినవి పులిపిరులు. వీటిని తొలగించు పద్ధతులు పెక్కు. సున్నకు క్రింద 196 డిగ్రీల చల్లదనము గల ద్రవ నైట్రోజన్‌ను తాకించి గడ్డకట్టించుట ఒకటి. విద్యుత్తుతో కాల్చుట, మత్తుసూది ఇచ్చి గీరివేయుట, ఆమ్లమును వైద్యుడే జాగ్రత్తగా అద్దుట మరికొన్ని. ఇంటివద్ద పూసికొనదగిన ఇమిక్విమోడ్ లేపనము దేహరక్షణ శక్తిని ఆ చోటికి రప్పించి పనిచేయును. పోడోఫిల్లోటాక్సిన్ పులిపిరి కణములను చంపును. ఈ రెంటిని వైద్యుడు చూపిన చోటనే, చెప్పిన దినములలోనే పూయవలెను. పులిపిరులను కాల్చునపుడు లేచు పొగలో వైరస్ అంశములు ఉండునని తేలినది. కావున పొగను పీల్చివేయు యంత్రము, ముఖమునకు తొడుగు అవసరము. వీధిలో కాల్చువారి వద్దకు పోరాదనుటకు ఇదియు ఒక కారణము.

వైరస్‌ను నేరుగా చంపు మాత్ర ఇంతవరకు లేదు. కనబడు పులిపిరిని తీసివేసినను చుట్టుప్రక్కల చర్మములో వైరస్ కొంతకాలము మిగిలియుండవచ్చును. అందుచే మొదటి మూడు నెలలలో కొందరికి మరల మొలచును. అది వైద్యుని లోపమని గాని, రోగి దౌర్భాగ్యమని గాని తలపక మరల చూపించుకొనవలెను. కాలక్రమమున దేహమే దానిని అణచును. పిల్లల చేతి పులిపిరులలో అనేకము రెండు సంవత్సరములలో తమంతట తామే పోవుట ఇందుకు నిదర్శనము.

భిలాయిలో కర్మాగారపు ఉద్యోగులకు, వారి కుటుంబములకు సెక్టారు 9లోని జవాహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి కలదు. ఇతరులు దుర్గ్ జిల్లా ఆసుపత్రికి గాని, రాయపురములోని వైద్య కళాశాల ఆసుపత్రికి గాని, 2012లో అచ్చట ప్రారంభమైన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు గాని పోవచ్చును. పేర్లు పలుకుటకు సిగ్గుపడువారు ‘చర్మపు మడతలో బాధ’ అని చెప్పి, చోటును వ్రేలితో చూపినను చాలును. మిగిలినది అడిగి తెలిసికొనుట వైద్యుని పని.

మరింత జాగ్రత్త వలసినవారు

మధుమేహము గలవారు, హెచ్.ఐ.వి. సోకినవారు, మూత్రపిండము మార్పిడి జరిగి రక్షణశక్తిని అణచు మందులు వాడువారు ఇట్టి పులిపిరులను ఒక్క వారము కూడ ఉపేక్షింపరాదు. వీరిలో అవి వేగముగా పెరుగును. గర్భిణులకు పులిపిరులు పెద్దవియగుట కలదు. వారు పోడోఫిల్లిన్ జాతి మందులను వాడరాదు. గడ్డకట్టించు పద్ధతి వారికి తగినది.

మడతల పులిపిరులకు కారణమైన 6, 11 రకములు పుట్టకురుపుగా మారుట మిక్కిలి అరుదు. 16, 18 రకములు అట్లు కావు. గర్భాశయ ముఖమున పుట్టు క్యాన్సరుకు ఈ రకములు కారణమని 1983, 1984 సంవత్సరములలో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందము చూపినది; అందుకు ఆయనకు 2008లో నోబెల్ బహుమతి లభించినది. ఒకే మనుష్యునికి రెండు తెగల వైరస్‌లును సోకియుండవచ్చును. కావున 30 సంవత్సరములు దాటిన స్త్రీలు, పులిపిరులు ఉన్నను లేకున్నను, గర్భాశయ ముఖ పరీక్షను చేయించుకొనవలెను.

వైరస్ లేకున్నను ఎడతెగని ఒరపిడియే అపాయకరము కావచ్చును. ధోవతిని నడుమునకు బిగించి కట్టు చోట, ఏండ్ల కొలది ఒరసిన చర్మములో పుట్టు క్యాన్సరును 1945లోనే బొంబాయి నుండి ఖానోల్కర్, సూర్యాబాయి అను వైద్యులు వర్ణించిరి. చీర కట్టు స్త్రీలలో పావడా బొందు ఒత్తిడి వలన అట్టిదే కలుగుట తరువాత చూడబడినది. ఇది అరుదైన సంగతి. అయినను మూడు నెలల చికిత్సకు లొంగని పుండు, గట్టిపడిన అంచు, నల్లబడిన బొడిపె, ఊరక నెత్తురు కారు పులిపిరి - వీటిలో ఏది యున్నను చిన్న ముక్క తీసి పరీక్షింపవలెను.

నివారణ

షిఫ్టు ముగిసిన వెంటనే చల్లని నీటితో, కొద్దిపాటి సబ్బుతో స్నానము చేయవలెను. స్నానముకంటె ముఖ్యము ఆరబెట్టుట. మెత్తని నూలు గుడ్డతో మడతలను రుద్దక అద్ది, పంకా గాలికి కొన్ని నిమిషములు ఆరనిచ్చి, ఆ తరువాతనే బట్ట కట్టవలెను. లోదుస్తులు నూలువై, వదులుగా ఉండవలెను. చెమటకు తడిసినపుడు మార్చుకొనుటకు ఒక జతను సంచిలో ఉంచుకొనుట మంచిది. బూట్లు రెండు జతలున్నచో ఒకటి ఆరుచుండగా రెండవది తొడుగవచ్చును. మేజోళ్ళను ప్రతిదినము ఉతుకవలెను. వానాకాలములో ఎండ లేనపుడు లోదుస్తులను ఇస్త్రీ చేసి పూర్తిగా ఆరిన తరువాతనే వాడవలెను.

రాత్రి వదులైన లుంగీతో పండుకొనుట, రొమ్ముల క్రింద, పొట్ట మడతలో పలుచని నూలు గుడ్డను ఉంచి తడిసినపుడు మార్చుట, పావడా బొందు స్థానే వెడల్పైన పట్టీ కుట్టించుకొనుట ఖర్చు లేని ఉపాయములు. బరువు తగ్గినకొలది మడతలు తగ్గును. తువాలు, బ్లేడు, లోదుస్తులు ఒకరివి మరియొకరు వాడరాదు. ఒకే గదిలో నలుగురైదుగురు కాపురముండు కార్మికులు దీనిని ముఖ్యముగా గమనింపవలెను. పౌడరును దట్టముగా చల్లినచో అది తడిసి ముద్దకట్టి గరుకై ఒరపిడిని హెచ్చించును.

6, 11, 16, 18 రకముల వైరస్‌లను అడ్డగించు టీకా కలదు. ఇట్టి టీకాలు ప్రపంచమున 2006 నుండి వాడుకలోనికి వచ్చినవి. పూనాలోని సీరం సంస్థ తయారుచేసిన స్వదేశపు టీకా 2023 జనవరిలో వెలువడినది. ఇది సోకకుండ కాపాడునే కాని, సోకినదానిని మాన్పదు. కావున వైరస్ తాకుటకు ముందు, అనగా బాల్యములోనే, 9 సంవత్సరములు నిండిన పిల్లలకు వేయించుట సార్థకము.

మడతలో దురద, ఎఱ్ఱదనము రెండు వారములకు మించి నిలిచినను, అందులో ఏదైన బొడిపె చేతికి తగిలినను వైద్యునికి చూపవలెను. తొలిదినములలో దీనికి కావలసినది కొద్దిపాటి లేపనము, పొడి బట్ట, కొన్ని వారముల ఓర్పు మాత్రమే.